మనం కొన్న స్మిత

కొవ్వలి నుంచి మద్రాసు వెళ్లిన అమ్మాయి బతుకును ఆమె ఉండగా అమ్మారు. పోయాక ఇంకా ఎక్కువ అమ్మారు. అమ్మినవాళ్లను తిట్టడం మనకు అలవాటే. మరి కొన్న అభిమానుల సంగతేమిటి?

ఏలూరుకు కూతవేటు దూరంలో, దెందులూరు మండలంలో ఉంది కొవ్వలి. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. దక్షిణంగా పోతే కొల్లేరు. 1960 డిసెంబరు 2న ఆ ఊళ్లో పుట్టిన వడ్లపాటి విజయలక్ష్మి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. ఆ కాపురంలో నిలవలేక మద్రాసు దారి పట్టింది. తారలకు టచప్ చేసే పనిలో చేరింది. 1980లో వచ్చిన తమిళ సినిమా 'వండిచక్కరం'కు కథ రాసింది విను చక్రవర్తి, అందులో ఆమె పాత్ర పేరు సిల్క్. అక్కణ్నుంచి ఆమె సిల్క్ స్మిత, ఆ పేరు ఆమెను వదల్లేదు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులోని ఇంట్లో చనిపోయేనాటికి ఆమెకు ముప్పయ్యారేళ్లు నిండలేదు.

మధ్యలో ఉన్న పదహారేళ్లలో దక్షిణాది భాషలన్నిటిలో, హిందీలో కలిపి నాలుగు వందలకు పైగా సినిమాలు చేసింది. అమ్ముడుపోక డబ్బాల్లో మూలుగుతున్న సినిమాకు ఆమె పాట ఒకటి కలిపితే డిస్ట్రిబ్యూటర్లు ఎగబడి కొన్న రోజులున్నాయి. భారతీరాజా 1981లో తీసిన 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు పక్కన ఆమె నటన చూసినవాళ్లకు తెలుసు, కళ్లతోనే మాట్లాడగల నటి ఆమె. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు ఆ సినిమాకే వచ్చింది. సావిత్రిలా, సుజాతలా, సరితలా పాత్రలు చేయాలని ఉండేదని ఆమె 1984లో ఒక ఇంటర్వ్యూలో చెప్పుకుంది కూడా. ఆ మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆమె గురించి చెప్పే కథలను ఎగబడి కొన్నవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది.

ఈ వారం మాట్లాడుకోవాలనుకుంటున్నది ఆ కొనడం గురించే. మనం ప్రాణం పెట్టి అభిమానించిన మనిషి గురించి ఒక వివాదాస్పద పుస్తకం వస్తుంది. ఆ మనిషి ఒప్పుకోలేదు, లేదా ఒప్పుకోవడానికి ఇప్పుడు లేరు. కుటుంబం వద్దంటుంది. రాసినవాడు నిజమంటాడు. షాపులో కట్ట విప్పి పెట్టారు. దాన్ని కొనవచ్చా? పుస్తకం బదులు సినిమా అయినా, వారపత్రిక అయినా, ఇప్పటి ఫోన్లో వచ్చే వీడియో అయినా ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న అడగడానికి మన గోదావరి, కృష్ణా జిల్లాల కన్నా తగిన చోటు లేదు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు కాంస్య విగ్రహాన్ని 2019 అక్టోబరులో చిరంజీవి వచ్చి తాడేపల్లిగూడెంలో ఆవిష్కరిస్తే ఊరంతా కదిలింది. రేలంగి థియేటరు కట్టుకుని స్థిరపడ్డదీ ఆ ఊళ్లోనే. లంక గ్రామాలకు రోడ్లు లేని కాలంలో పడవ కట్టించుకుని ఆకివీడుకో కైకలూరుకో వచ్చి, రెండో ఆట చూసి తెల్లారేసరికి ఇల్లు చేరినవాళ్లు కొల్లేటి ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. సినిమా మనుషులను ఇంటి మనుషుల్లా చూసుకునే నేల ఇది. ఇంటి మనిషి గురించి ఊళ్లో ఎవడో ఏదో అంటే వెంటనే నమ్మం, డబ్బిచ్చి మరీ వినం. తారల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి తలకిందులవుతుంది.

ఆ నెల పత్రికలు

తాడేపల్లిగూడెంలో ఒక పెద్దాయన ఇంట్లో పాత సినిమా పత్రికల కట్టలున్నాయి. చాలావరకు రైల్వే స్టేషన్ స్టాల్లో కొన్నవి. 1996 సెప్టెంబరు, అక్టోబరుల నాటివి ఆయన వేరే కట్టగా కట్టి పెట్టుకున్నాడు.

"ఆవిడ పోయిన నెలలో వచ్చినవన్నీ కొన్నానండి. దేని మీద ఆవిడ బొమ్మ ఉంటే అది. చదివి బాధపడేవాణ్ని, మళ్లీ వారం వెళ్లి కొనేవాణ్ని. అప్పుడు తప్పనిపించలేదండి" అన్నాడు.

"మరి ఇప్పుడండీ?" అని అడిగాను.

"ఇప్పుడు మా అమ్మాయి తీసి చూస్తే ఏం చెప్పాలో తెలీదండి. పారెయ్యబుద్ధీ కాదు."

అందులో ఒక పత్రిక తెరిచి చూశాను. ముఖచిత్రం మీద ఏదో పాటలోని స్టిల్లు, అదీ నవ్వుతున్నది. దాని మీద ఎర్రక్షరాల్లో ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షిక. లోపల రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ బొమ్మలే. మిగిలిన వ్యాసంలో మాట్లాడినవాళ్లంతా 'సన్నిహితులు', 'విశ్వసనీయ వర్గాలు', 'పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక నిర్మాత'. పేరు పెట్టి చెప్పిన వాక్యం ఒక్కటి లేదు. ఆమె తన పని గురించి ఎప్పుడైనా ఎవరికైనా చెప్పిన ఒక్క మాట కూడా లేదు. ఎవరితో ఉండేది, ఎంత పోగొట్టుకుంది, ఆఖరి రాత్రి ఎవరికి ఫోను చేసింది, ఇవే అన్ని పేరాలూ.

ఆమె గదిలో తెలుగులో రాసిన ఉత్తరం దొరికిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ ఉత్తరంలోని మాటలు పత్రికల్లోకి ఎక్కాయి. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు వచ్చేసరికి ఆ వాక్యాలను ఎవరో ఒకరు తిరగేసి అచ్చేస్తూనే ఉన్నారు. అందులో ఏముందో ఇక్కడ రాయను. చదువు మధ్యలో ఆగిపోయిన ఒక ఆడపిల్ల, బతుకు మీద ఆశ వదులుకున్న వేళ, తన మాతృభాషలో రాసుకున్న నాలుగు ముక్కలవి. పోలీసుల దర్యాప్తుకు ఆ కాగితం కావాలి, కోర్టుకు కావాలి. గోదావరి జిల్లాల రైల్వే స్టాళ్లలో అమ్ముకోవడానికి మాత్రం దాని మీద ఏ పత్రికకూ హక్కు లేదు. ఈ మాట నేను పత్రికలోనే రాస్తున్నాను కాబట్టి గట్టిగానే రాస్తున్నాను.

ఆ పెద్దాయనను తప్పుపట్టడం నాకు చేతకాదు. ఆయనకు ఆమె మీద ఉన్నది నిజమైన అభిమానం. అభిమాని దుఃఖంలో ఉన్నప్పుడు ఏదో ఒకటి తెలుసుకుంటే మనసు కుదుటపడుతుందనుకుంటాడు. ఆ ఆరాటాన్ని కనిపెట్టినవాడే కాగితం కొని అచ్చేస్తాడు. ఆ కట్టలోని పత్రికలన్నీ ఆయన ప్రేమతోనే కొన్నాడు, అవన్నీ ఆమెను అవమానించినవే. ఈ రెండూ నిజమే కనుక ఇది తేలిగ్గా తేలే వ్యవహారం కాదు.

పుట్టినరోజు నాటి విడుదల

పదిహేనేళ్ల తర్వాత బొంబాయి ఆమెను మళ్లీ తెర మీదికి తెచ్చింది. మిలన్ లూథ్రియా దర్శకత్వంలో 'ది డర్టీ పిక్చర్' 2011 డిసెంబరు 2న విడుదలైంది. అంటే సరిగ్గా ఆమె పుట్టినరోజున. తమ అనుమతి లేకుండా తీశారని ఆమె కుటుంబం అభ్యంతరం చెప్పింది. ఇది ఫలానా ఒకరి జీవితకథ కాదని నిర్మాతలు అన్నారు. పాత్ర పేరు సిల్క్, విడుదల తేదీ ఆమె పుట్టినతేదీ, ప్రచారమంతా ఆమె పేరు చుట్టూనే. వసూళ్లు వంద కోట్లు దాటాయి. విద్యాబాలన్‌కు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. 2013లో కన్నడంలో ఒకటి, మలయాళంలో ఒకటి ఇదే దారిలో వచ్చాయి.

విద్యాబాలన్ నటన గొప్పది. ఆ సినిమా చూశాకే చాలామంది కుర్రకారుకు స్మిత అనే మనిషి ఉండేదని తెలిసింది. ఆ మేలు కాదనను. కానీ 'ఆమె కథ కాదు' అని నోటితో చెప్పి, 'ఆమె కథే' అన్నట్టు ప్రచారంలో అమ్ముకోవడం ఏ న్యాయం? కథ ఆమెది కాకపోతే పుట్టినరోజు ఎందుకు కావాలి? ఆమెదే అయితే కొవ్వలిలో ఆమె పుట్టిన ఇంటి వైపు ఒక్కసారైనా తిరిగి చూడాలి కదా. ఏలూరులో ఆ సినిమాకు టిక్కెట్టు తీసుకున్న ప్రతివాళ్లూ ఈ రెండు నాల్కల బేరానికి తలా కాస్త డబ్బు ఇచ్చినట్టే.

చట్టం ఎక్కడ ఆగుతుంది

ఇలాంటివి కోర్టులు ఆపవా అని చాలామంది అడుగుతారు. ఆపడం అంత సులువు కాదు, కాకూడదు కూడా. 1994లో ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో దారి వేసింది. హత్యల కేసులో శిక్షపడ్డ ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను 'నక్కీరన్' పత్రిక వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నంతవరకు ఒక మనిషి జీవితం గురించి అనుమతి లేకుండానే రాయవచ్చు, ప్రభుత్వం అచ్చు కాకముందే ఆపడానికి వీల్లేదు, రికార్డులు దాటి సొంత సంగతుల్లోకి వెళ్తే మాత్రం రాసినవాళ్లు ఫలితం ఎదుర్కోవాలి అని తీర్పు సారాంశం. మంచి తీర్పు. అచ్చుకు ముందే నోరు నొక్కే అధికారం ప్రభుత్వానికిస్తే రేపు రొయ్యల చెరువుల మీద రాసిన పుస్తకాన్నీ ఆపుతారు.

అయితే ఇక్కడో చిక్కుంది. ఫలితం ఎదుర్కోవడమంటే ఎవరో ఒకరు దావా వెయ్యాలి. బతికున్నవాళ్లు వేసుకుంటారు. జయలలిత మీద తీసిన 'తలైవి' సినిమా విషయంలో ఆమె మేనకోడలు మద్రాసు హైకోర్టుకు వెళ్తే, వ్యక్తిగత గోప్యత హక్కు మనిషితోనే పోతుంది, అది వారసులకు ఆస్తిలా సంక్రమించదు అని తేలింది. అంటే స్మిత గురించి రేపు ఎవరు ఏం రాసినా చట్టం చేయగలిగింది చాలా తక్కువ. తలుపు మూయమని చెప్పే మనిషి లేదు, మూసే అధికారం కోర్టుకు లేదు. ఇక మిగిలింది దుకాణం ముందు నిలబడ్డ అభిమాని. తీసుకుంటాడా, పెట్టేస్తాడా అన్నది అతని మనస్సాక్షికే వదిలిపెట్టారు. అందుకే అతని నిర్ణయం చిన్న విషయం కాదంటున్నాను.

బీటిల్స్ అభిమానికీ ఇదే పరీక్ష

ఇంగ్లండు, అమెరికాల్లో సంగీత బృందాల అభిమానులూ ఈ పరీక్ష రాశారు. బీటిల్స్ బృందంలో ఒకడైన జాన్ లెనన్‌ను 1980 డిసెంబరులో కాల్చి చంపారు. 1988లో ఆల్బర్ట్ గోల్డ్‌మన్ అనే రచయిత లెనన్ మీద లావుపాటి జీవితచరిత్ర తెచ్చాడు. మత్తుమందులు, క్రూరత్వం, లైంగిక జీవితం, ఏదీ వదల్లేదు. దాన్ని కొనవద్దని లెనన్ సహచరుడు పాల్ మెకార్ట్నీ అభిమానులను బహిరంగంగా కోరాడు. 'రోలింగ్ స్టోన్' పత్రిక ఆ పుస్తకంలోని విషయాలను తరచి చూసి, చాలావాటికి సరైన ఆధారాలు లేవని పెద్ద వ్యాసం వేసింది. అయినా పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో లెనన్‌ను ద్వేషించేవాళ్లు ఎంతమంది ఉంటారు? ద్వేషించేవాడు ఏడొందల పేజీలు చదవడు. కొన్నది అభిమానులే.

లెనన్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఫ్రెడ్ సీమన్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. లెనన్ పోయాక ఆయన డైరీలు దొంగిలించానని అతను 1983లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ మనిషే 1991లో లెనన్ ఆఖరి రోజుల మీద పుస్తకం అచ్చేశాడు. ఇలాంటి చోట నాకు ఏ సందేహమూ లేదు. ఇంటి మనిషిలా నమ్మి ఇంట్లో పెట్టుకుంటే బీరువా తాళం తీసినవాడు అతను. అందులో ఎన్ని నిజాలున్నా ఆ పుస్తకం కొనకూడదు.

నిర్వాణా బృందం గాయకుడు కర్ట్ కోబేన్ 1994లో చనిపోయాడు. అతని సొంత నోటుపుస్తకాల పేజీలను అతని చేతిరాతతోనే 2002లో 'జర్నల్స్' పేరుతో అచ్చేశారు. కుటుంబం అనుమతితోనే వచ్చింది, దొంగతనం ఏమీ లేదు. కానీ ఆ రాతల్లోనే ఒకచోట తను పోయాక డైరీ చదవొద్దంటాడు, మరోచోట చదివి తనేమిటో తెలుసుకొమ్మంటాడు. కొనాలా వద్దా అని అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆ పుస్తకం విషయంలో నా మనసు ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. వారసుల సంతకం ఉంటే చాలు, చనిపోయినవాడి గుట్టు అమ్ముకోవచ్చు అని ఒప్పుకోవడానికి మనసు రాదు. అతని చేతిరాతలో పాట పుట్టిన తీరు చూడాలనుకున్న కుర్రవాణ్ని తప్పుపట్టడానికీ మనసు రాదు.

మన మద్రాసుకే వస్తే, తెలుగు సినిమా అక్కడే బతుకుతున్న రోజుల్లో లక్ష్మీకాంతన్ అనే పత్రికాయన 1943లో 'సినిమా తూదు' పెట్టాడు. తారల గుట్టు రాయడం, రాయకుండా ఉండటానికి డబ్బు గుంజడం అతని వ్యాపారం. ఆ పత్రికను ఆపించాక 'హిందూ నేసన్'లో అదే పని చేశాడు. 1944 నవంబరులో అతన్ని నడివీధిలో పొడిచి చంపారు. ఆ కేసులో తమిళ సినీ గాయకుడు త్యాగరాజ భాగవతార్, నటుడు ఎన్.ఎస్. కృష్ణన్ రెండేళ్లకు పైగా జైల్లో ఉండి 1947లో నిర్దోషులుగా బయటికొచ్చారు. భాగవతార్ వైభవం మళ్లీ రాలేదు. ఒక పత్రిక రాతల చుట్టూ ఒక ప్రాణం పోయింది, ఒక గొప్ప గాయకుడి బతుకు చితికిపోయింది. ఆ పత్రికను వారంవారం పైసలిచ్చి కొన్న వేలమంది పేర్లు మాత్రం ఏ రికార్డులోనూ లేవు.

ఇష్టం లేని నిజం వస్తే

ఇంతవరకు చదివి, 'అయితే మా హీరో గురించి ఎవడు చెడుగా రాసినా కొనం, తగలబెడతాం' అని ఏ అభిమాన సంఘమైనా అనుకుంటే నా మాటను తప్పుగా తీసుకున్నట్టే. మనకు నచ్చని నిజాన్ని కొనకపోవడం నీతి అనిపించుకోదు. అది దేవుడి పటానికి అద్దం బిగించుకోవడం.

ఎన్టీఆర్ సంగతే చూడండి. గుడివాడ కొల్లేటికి మరీ దూరమేం కాని ఊరు. ఎన్టీ రామారావు 1983లో, 1985లో అక్కణ్నుంచి గెలిచారు. స్మిత పోయిన ఏడాదే, జనవరి 18న ఆయనా పోయారు. 2019లో ఆ మనిషి జీవితం మూడు నెలల్లో మూడు సినిమాలైంది. కుమారుడు బాలకృష్ణే ఎన్టీఆర్‌గా నటించి నిర్మించిన 'కథానాయకుడు' జనవరిలో, 'మహానాయకుడు' ఫిబ్రవరిలో వచ్చాయి. కథ ఆయన భార్య బసవతారకం గారి మరణం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత లక్ష్మీపార్వతితో జరిగిన పెళ్లి, 1995 ఆగస్టులో పార్టీలో వచ్చిన తిరుగుబాటు, ఆఖరి నెలలు అందులో లేవు. ఆ మిగతా కథ తీసుకుని రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్' తీశాడు. మార్చి 29న తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు దగ్గర పడటంతో హైకోర్టు నిలిపేసింది. ఫలితాలొచ్చాకే ఇక్కడ ఆడింది.

ఒకే మనిషి మీద రెండు కథలు. ఏ టిక్కెట్టు కొంటే ఏ పార్టీయో తేలిపోతుందన్నట్టుగా మాట్లాడుకున్నారు అప్పుడు. నా దృష్టిలో రెండూ సగం సగమే. ఒకటి ఇంటివాళ్లకు ఇబ్బంది లేనంతవరకు చెప్పింది. ఇంకోటి ఎన్నికల వేడిలో కాచుకుని వచ్చింది. కానీ వీటన్నిటికీ ముందే లక్ష్మీపార్వతి 'ఎదురులేని మనిషి' పుస్తకం రాశారు. ఎన్టీఆర్ జీవితచరిత్ర రాయాలనే ఆమె మొదట ఆయన దగ్గరికి వెళ్లారు, 1993లో ఆయన భార్య అయ్యారు. ఆ పుస్తకం పేరెత్తితే మండిపడే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆమె చెప్పినదంతా నమ్మమని నేను చెప్పను. ఆ ఇంట్లో ఉన్న మనిషి తన పేరు పెట్టుకుని, తన మాటకు తను నిలబడి రాసిన పుస్తకం అది. 'సన్నిహితులు చెప్పారు' అని రాసిన సెప్టెంబరు పత్రికతో దాన్ని ఒక గాటన కట్టలేం. నిజంగా ఎన్టీఆర్‌ను అభిమానించేవాళ్లు కొని చదవాలి, చదివి కాదనాలనుకుంటే కాదనాలి.

కుటుంబం ఒప్పుకుంటే చాలు అనుకోవడానికీ లేదు. 2018లో వచ్చిన 'మహానటి'కి సావిత్రి గారి అమ్మాయి సహకారం ఉంది. సావిత్రి భర్త జెమినీ గణేశన్ గారి మరో కూతురు మాత్రం తన తండ్రిని అలా చూపించడం అన్యాయమన్నారు. ఒక ఇంట్లో ఒకరికి నివాళి అయింది ఇంకొకరికి నింద అయింది. అధికారిక చరిత్ర అని ముద్ర వేసుకున్నది కూడా ఎవరో ఒకరి పక్షమే.

తన కథ తనే చెప్పుకునే చోట కూడా ఈ చిక్కు ఉంటుంది. చలం, శ్రీశ్రీ తమ బలహీనతలను తామే బయటపెట్టుకున్నారు, మన సాహిత్యానికి అది ధైర్యాన్నిచ్చింది. కానీ ఒకడి ఆత్మకథలోకి ఇంకొకరి బతుకు కూడా వచ్చి పడుతుంది. 2017లో హిందీ నటుడు నవాజుద్దీన్ సిద్దిఖీ తన జ్ఞాపకాల పుస్తకంలో ఇద్దరు నటీమణులతో తన సంబంధాల గురించి రాస్తే, వాళ్లు బయటికొచ్చి అందులో అబద్ధాలున్నాయన్నారు, తమను అడగకుండా రాశాడన్నారు. అతను క్షమాపణ చెప్పి పుస్తకాన్నే వెనక్కి తీసుకున్నాడు. ఆ స్త్రీలు బతికున్నారు, గొంతెత్తారు, జరిగింది. స్మితకు ఆ అవకాశం లేదు.

జేబులో చెయ్యి పెట్టేముందు

'నేనొక్కణ్ని కొనకపోతే ఆగుతుందా?' అంటారు. హిందీ సినిమా ఆగకపోవచ్చు. తెలుగు పుస్తకం ఆగుతుంది. మన దగ్గర మామూలు పుస్తకం వెయ్యి ప్రతులు వేస్తే గొప్ప, ఇప్పుడు అయిదు వందలకూ దిగింది. ధరలో మూడో వంతు పైనే అమ్మేవాళ్ల కమీషన్‌కు పోతుంది. అచ్చు ఖర్చు పోగా రచయితకు, ప్రచురణకర్తకు దక్కేది స్వల్పం. ఈ లెక్కలో రెండు వందల మంది అభిమానులు కొనడం, మానడం ఒక పుస్తకం రెండో ముద్రణకు వెళ్తుందా లేదా అన్నది తేల్చేస్తుంది. భీమవరంలోనో తాడేపల్లిగూడెంలోనో ఒక అభిమాన సంఘం సినిమా విడుదల రోజు ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చుతో ఒక మంచి జీవితచరిత్ర ముద్రణ మొత్తం గట్టెక్కుతుంది. మీ చేతిలో అంత బలముంది.

'చదవకుండా మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది?' అని ఇంకో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చదవండి. ఏలూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, ఊళ్లలో శాఖా గ్రంథాలయాలున్నాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అడిగి తెప్పించుకుని చదవడం మన హక్కు. స్నేహితుడి కాపీ అడగండి, పాత పుస్తకాల వాడి దగ్గర చూడండి. దొంగ పీడీఎఫ్ మాత్రం వద్దు. అది చెడ్డ రచయితతో పాటు మంచి రచయిత పొట్టా కొడుతుంది. చదివాక ఆ రచయితకు మీ డబ్బు చేరాలనిపిస్తే అప్పుడు కొనండి.

షాపులో నిలబడి చూడగలిగేవీ కొన్ని ఉన్నాయి. పుస్తకం చివర తిరగేసి, మాట్లాడిన మనుషుల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఉత్తరాలు, డైరీలు ఉంటే అవి ఎలా చేతికొచ్చాయో రచయిత చెప్పాలి. చెప్పకపోతే అక్కడే పెట్టేయండి. పుస్తకంలో ఆ కళాకారుల పని ఎన్ని పేజీల్లో ఉంది, పడకగది ఎన్ని పేజీల్లో ఉంది అన్నది విషయసూచికే చెప్పేస్తుంది. సమీక్షలు రాసే మా పత్రికలవాళ్లు కూడా శైలి బాగుంది, ముద్రణ బాగుంది అని తేల్చేయకుండా, సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చూసి రాయాలి. ఇది పాఠకుడి మీద ఒక్కడి మీదే వేసే బరువు కాదు.

ఇన్ని చూసినా కొన్నిసార్లు తప్పటడుగు పడుతుంది. అయినా సరే, అచ్చుకు ముందే ఆపమని కోర్టుకు పోవడం కన్నా, షాపు ముందు తగలబెట్టడం కన్నా, చదివి పక్కన పెట్టడం వేల రెట్లు మేలు. 2016లో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల కేసులో మద్రాసు హైకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే. నచ్చకపోతే అవతల పారేయమంది.

స్మిత మీద నేను కొనాలనుకునే పుస్తకం ఎలా ఉండాలో చెబుతాను. అందులో కొవ్వలి ఉండాలి, 1960ల్లో ఆ ఊళ్లో ఆడపిల్ల చదువు నాలుగో తరగతిలో ఎందుకు ఆగిపోయేదో ఉండాలి. టచప్ అమ్మాయికి మద్రాసులో రోజు కూలి ఎంతో, పాటకు వచ్చే డబ్బు ఎవరి చేతుల మీదుగా వచ్చేదో ఉండాలి. 'సీతాకోకచిలుక', 'వసంత కోకిల', 'బావా బావమరిది', మలయాళ 'స్ఫటికం' చూసి, ఆమె కళ్లు, నడక, నిలబడే తీరు గురించి ఒక మంచి విమర్శకుడు రాసిన అధ్యాయాలు ఉండాలి. ఆమెతో పనిచేసిన డాన్సు మాస్టర్లు, కెమెరామెన్లు, మేకప్ వాళ్లు పేర్లు పెట్టి మాట్లాడాలి. ఆమె వల్ల డబ్బు సంపాదించినవాళ్ల పేర్లు కూడా ఉండాలి, వాళ్లకు బాధ కలిగినా సరే. ఆఖరి ఉత్తరం లేకపోయినా నాకు లోటు లేదు. అలాంటి పుస్తకం వివాదాస్పదమే అవుతుంది. వచ్చిన రోజే కొంటాను, పది కాపీలు కొని పంచుతాను.

ఆ పుస్తకం రాయాలంటే రాసేవాళ్లకు సరుకు కావాలి. ఆ సరుకు మన ఇళ్లలోనే ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమడోలు, ఆకివీడు, కైకలూరు, మీది ఏ ఊరైనా సరే, అటక మీద 1980ల నాటి సినిమా పత్రికలు, పాటల పుస్తకాలు, థియేటరు కరపత్రాలు, ఆమె ఇంటర్వ్యూ ఉన్న పేజీలు ఉంటే తూకానికి వెయ్యకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇచ్చి, రిజిస్టర్లో మీ పేరు రాయించి రసీదు తీసుకోండి. ఆమెతో కలిసి చదువుకున్నవాళ్లు, ఆమెను ఎరిగినవాళ్లు ఊళ్లో ఇంకా ఉండగానే, వాళ్లు ఇష్టపడితేనే, వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టండి. తాడేపల్లిగూడెం పెద్దాయన తన కట్టలు ఇస్తానన్నాడు, ఆ సెప్టెంబరు కట్టతో సహా.